తోక లేని పిట్టకు దారి బత్తెం

పదేళ్ళ కిందట సంక్రాంతికి నేను చేత్తో చేసి పంపిన కార్డు మా మేనత్తకు పది రూపాయలకు పడింది. పండగనాడు ఫోన్ చేసి, "ఒరేయ్, నీ శుభాకాంక్షలు బాగున్నాయిరా. పది రూపాయలిచ్చి కొనుక్కున్నాను" అంది. నవ్వుతోందో దెప్పుతోందో వెంటనే అర్థం కాలేదు. కవరు బేరింగు అయిందని ఆవిడే విడమరిచి చెప్పాక సిగ్గేసింది.

ఆ కార్డుకు రెండు సాయంత్రాలు పెట్టాను. మందపాటి అట్ట మీద రథం ముగ్గు. ముగ్గు నడుమ పాత పరికిణీ అంచు నుంచి ఊడదీసిన అద్దం బిళ్ళ, చుట్టూ చంకీలు. అంతా అయ్యాక రాత్రి పదింటికి సొరుగులో చేతికందిన కవరు తీశాను. కార్డు అందులో పట్టలేదు. అంచులు కత్తిరించి దూర్చాను. ఐదు రూపాయల తపాలా బిళ్ళ ఒకటి అంటించి, పొద్దున ఆఫీసుకు పోతూ తపాలా డబ్బాలో పడేశాను. కార్డుకు రెండు సాయంత్రాలు, దాని ప్రయాణానికి రెండు నిమిషాలు.

ఐదు రూపాయల బిళ్ళ 20 గ్రాముల దాకానే చెల్లుతుంది. నా కవరు అది దాటింది కాబట్టి పది రూపాయల బిళ్ళలు పడాలి. తగ్గిన ఐదుకు రెట్టింపు అందుకున్నవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. అద్దం సంగతీ చెప్పింది అత్త. మూడు ముక్కలై, ఒక ముక్క కవరును చీల్చుకుని బయటికి తొంగి చూస్తోందట. "చూసి తియ్యండమ్మా, చెయ్యి తెగుద్ది" అని పోస్టుమ్యాన్ హెచ్చరించి మరీ ఇచ్చాడట. తపాలా వాళ్ళను అనడానికి ఏమీ లేదు, తప్పంతా నాదే.

తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోయింది, ఏమిటది అని చిన్నప్పుడు పొడుపుకథ వేస్తే ఉత్తరం అని అరిచేవాళ్ళం. ఆ పిట్టకు దారి బత్తెం కట్టాలని, ఎండకూ వానకూ ఓర్చేట్టు రెక్కలు సర్దాలని పొడుపుకథలో లేదు. అత్త ఫోన్ తర్వాత ఏటా ముప్పై నలభై కార్డులు పంపుతూ నేర్చుకున్నది ఒక్కటే: కార్డు బొమ్మతో మొదలు కాదు, కవరుతో మొదలవుతుంది. కవరు ఏమిటి, ఎంత బరువు, ఏ ఊరు, ఎవరి గుమ్మం అన్నవి తేల్చుకున్నాకే కత్తెర పట్టుకోవాలి. ఈ అధ్యాయంలో మిగతాదంతా దీని వివరమే.

బేరింగు గురించి ఒక ముచ్చట. ఒకప్పుడు ఇంగ్లండులో ఉత్తరం ఖర్చు సాధారణంగా అందుకున్నవాళ్ళే కట్టేవారు. దూరాన్ని బట్టి, లోపల ఎన్ని కాగితాలున్నాయన్నదాన్ని బట్టి వాయింపు. రాసినవాడే ముందుగా కట్టే, దేశంలో ఎక్కడికైనా ఒకటే ధర ఉండే పెన్నీ తపాలా 1840లో వచ్చింది. దాన్ని తెచ్చిన రోలండ్ హిల్‌కు తోడుగా పనిచేసినవాళ్ళలో హెన్రీ కోల్ ఒకడు. ఈ కోల్‌గారే 1843లో జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ గీయించి, అచ్చు వేయించి అమ్మకానికి పెట్టాడు. మార్కెట్లోకి వచ్చిన తొలి క్రిస్మస్ కార్డుగా దాన్నే చెబుతారు. అంటే క్రిస్మస్ కార్డు పుట్టిన ఇంట్లోనే, అందుకునేవాడి జేబు ముట్టుకోకూడదన్న నియమం కూడా పుట్టింది. నేను మా అత్త విషయంలో 1840 ముందు కాలానికి పోయాను.

ముందు కవరు

ఏ4 డ్రాయింగు షీటును అడ్డంగా సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ మడిస్తే 148 మిల్లీమీటర్ల పొడవు, 105 మిల్లీమీటర్ల వెడల్పు కార్డు వస్తుంది. దీనికి సరిపోయేది సి6 కవరు, 162 × 114. స్టేషనరీ కొట్లో సి6 అని అడిగితే కొందరు మొహం చూస్తారు. అందుకే మడిచిన కార్డు ఒకటి జేబులో వేసుకుని పోయి "ఇది పట్టే కవరు" అని అడగడం మేలు. కార్డుకూ కవరుకూ మధ్య చుట్టూ కొన్ని మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. బిగుతుగా ఉంటే మూలలు చిరుగుతాయి, వదులుగా ఉంటే లోపల ఆడి అంచులు నలుగుతాయి.

పోస్టుకార్డు కొలత 14 సెంటీమీటర్లు, 9 సెంటీమీటర్లు. అంతకన్నా చిన్న కవరు చేయకండి. అరచేతిలో ఇమిడే బుజ్జి కవరు చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. కానీ కట్టలు కట్టే చోట పెద్ద కవర్ల మధ్య ఇరుక్కుని కనపడకుండా పోతుంది. చిరునామా, బిళ్ళ, ముద్ర మూడింటికీ దాని మీద చోటు చాలదు కూడా. నలుచదరపు కవరు మన దగ్గర బరువు లెక్కనే పోతుంది కాబట్టి డబ్బుకు ఇబ్బంది లేదు. అమెరికాలో ఉన్న మీ అమ్మాయి అక్కడి స్నేహితులకు పంపుతుంటే మాత్రం ముందే చెప్పండి. అక్కడ ఉత్తరాలను యంత్రాలు వేరుచేస్తాయి. నలుచదరపు కవరు, గుండీల వల్లా దారాల వల్లా ఉబ్బెత్తుగా ఉన్న కవరు యంత్రంలో పోవు కాబట్టి అదనపు రుసుము కట్టాలి.

కవరు రంగు దగ్గర కళాకారులకు నా మీద కోపం వస్తుంది. ముదురు ఎరుపు కవరు మీద బంగారు రంగు పెన్నుతో చిరునామా రాస్తే దీపం వెలుగులో అద్భుతంగా ఉంటుంది. తెల్లవారుజామున ట్యూబులైటు కింద వందల కవర్లు చకచకా అరల్లో వేసే మనిషికి అది కనిపించదు. రంగు మీద అంత మోజుంటే కవరంతా ఎర్రగా ఉంచి, చిరునామాకు తెల్లకాగితం ముక్క అంటించండి. మా ఇంట్లో ఈ గొడవకు దొరికిన రాజీ ఇదే.

తూకం

ఇది రాస్తున్న నాటికి దేశం లోపల మామూలు ఉత్తరానికి ప్రతి 20 గ్రాములకు 5 రూపాయలు. 20 దాకా ఐదు, 40 దాకా పది, 60 దాకా పదిహేను. దూరంతో పనిలేదు. అమలాపురం నుంచి రాజమండ్రికి పోయినా, శ్రీనగర్‌కు పోయినా అంతే. దూరం చూడకుండా బరువునే చూసే ఈ పద్ధతి మన దేశంలో 1854 నుంచి ఉంది. అప్పుడు తూకం తులాల్లో, చెల్లింపు అణాల్లో.

కార్డు బరువు తక్కెడ లేకుండానే ముందుగా లెక్కగట్టవచ్చు. కాగితం కట్ట మీద జీఎస్ఎం అని ఒక అంకె ఉంటుంది. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే అంకె అది. చదరపు మీటరులో ఏ4 కాగితాలు పదహారు వస్తాయి. కాబట్టి జీఎస్ఎంను పదహారుతో భాగిస్తే ఏ4 షీటు బరువు తేలుతుంది. ఆఫీసులో వాడే 80 జీఎస్ఎం కాగితం సరిగ్గా 5 గ్రాములు. డ్రాయింగుకు వాడే 300 జీఎస్ఎం షీటు 18.75 గ్రాములు.

ఈ ఒక్క భాగహారం నన్ను ఎన్ని బేరింగుల నుంచి కాపాడిందో! ఏ4 షీటును ఒక్కసారే మడిచి పెద్ద కార్డు చేశారనుకోండి. 300 జీఎస్ఎం అయితే బొమ్మ గీయకముందే 18.75 అయిపోయింది. కవరు వేయగానే 20 దాటుతుంది, రెండో బిళ్ళ తప్పదు. అదే షీటును సగానికి కోసి చిన్న కార్డు చేస్తే 9.4 గ్రాములు. సి6 కవరు సుమారు నాలుగు గ్రాములు. ఇంకా ఆరేడు గ్రాములు మీ చేతిలో ఉంటాయి. ఆ ఆరేడు గ్రాముల్లోనే మీ చంకీలూ, జిగురూ, లోపల పెట్టే చిన్న ఉత్తరమూ సర్దుకోవాలి. నెల జీతంలో ఖర్చులు సర్దుకున్నట్టే.

జిగురుకు బరువుంటుందని చాలామందికి తట్టదు. తడి మీద తూచి "అమ్మో" అనుకుంటారు, ఆరాక తూస్తే తగ్గుతుంది. అందుకే రాత్రంతా బరువైన పుస్తకాల కింద పెట్టి, మర్నాడు తూచండి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఎక్కువ పూస్తే కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. ఆ పుస్తకాల బరువే దాన్నీ సరిచేస్తుంది. అన్నం మెతుకులతోనో మైదాతోనో అతికించే అలవాటు మా అమ్మకు ఉండేది. నాకూ ఆ వాసన ఇష్టమే గానీ, కార్డు దాచుకునేవాళ్ళ బీరువాలో పురుగు పడుతుందని మానేశాను.

ఇంట్లో వంటింటి తక్కెడ ఉంటే సరే. లేకపోతే బట్టలు తగిలించే హ్యాంగరు తీసుకోండి. కొక్కేన్ని తలుపు గడియకు తగిలించి, రెండు చివరలా ఒకే రకం క్లిప్పులు పెట్టండి. ఒక క్లిప్పుకు నాలుగు ఆఫీసు కాగితాలు మడిచి తగిలించండి, రెండో క్లిప్పుకు కవరుతో సహా కార్డు. కాగితాలు 80 జీఎస్ఎం అయితే అటువైపు బరువు కచ్చితంగా 20 గ్రాములు. కార్డు వైపు కిందికి వంగిందా, రెండో బిళ్ళ అంటించండి. కాగితాలు 75 జీఎస్ఎం అయితే నాలుగూ కలిపి 18.75 గ్రాములే వస్తాయి. నాకు అవే ఇష్టం. గ్రాము పైచిలుకు జాగ్రత్త దానంతటదే పడుతుంది. బిళ్ళలూ జిగురూ ఆ గ్రాములో ఇముడుతాయి.

ఇంత చెప్పాక కూడా కొందరు "ఎందుకొచ్చిన తూకాలు, ప్రతి దానికీ పది రూపాయల బిళ్ళ వేసేస్తే పోలా?" అంటారు. పోతుంది. నాలుగైదు కార్డులకైతే నేనూ అలాగే చేస్తాను. నలభై కార్డులకు రెండొందలు తేడా. ఆ రెండొందలకు మంచి కుంచె ఒకటి వస్తుంది.

దారిలో దెబ్బలు

కవరు ఎక్కడెక్కడ దెబ్బ తింటుందో తెలిస్తే ఎక్కడ కాపాడాలో తెలుస్తుంది. డబ్బాలో పడుతుంది. సంచిలోకి బోర్లిస్తారు. బిళ్ళ మీద తేదీ ముద్ర పడుతుంది, ఆ ముద్ర మృదువుగా పడదు. పోస్టాఫీసు వెనక గదిలో ఆ ఠప్ ఠప్ చప్పుడు వినే ఉంటారు. తర్వాత కట్ట కట్టి పురికొసతో బిగిస్తారు. సంచుల్లో వేసి రైలుకో బస్సుకో ఎక్కిస్తారు. మళ్ళీ విప్పి, మళ్ళీ ముద్ర వేసి, పోస్టుమ్యాన్ సంచిలోకి.

మా అత్త కార్డులో అద్దం పగిలింది ముద్ర దగ్గరే అని నా అనుమానం. బిళ్ళ అంటించేది కవరు కుడివైపు పై మూల. ముగ్గు నడుమ ఉన్న అద్దం కార్డును కోసేసరికి జరిగి, సరిగ్గా ఆ మూల కిందికి వచ్చింది. అప్పటినుంచి ఒక పని చేస్తున్నాను. ఎత్తుగా ఉండే అలంకారమేదైనా కార్డు కింది సగంలోనే పెడతాను. కార్డును కవరులో పెట్టేటప్పుడు బొమ్మ ఉన్న ముఖం కవరు వెనకవైపుకు, అంటే మూత వైపుకు తిప్పుతాను. ముద్ర దెబ్బ కార్డు వెనక అట్ట కాస్తుంది. అద్దాలు ఇప్పటికీ వాడుతున్నాను, గాజువి కాదు, అద్దంలా మెరిసే తళుకు కాగితం గుండ్రంగా కత్తిరించినవి. పరికిణీ అద్దాన్ని పరికిణీకే వదిలేశాను.

లోపల పెట్టే దన్ను అట్టకు డబ్బు పెట్టనక్కర్లేదు. తెలుగువాళ్ళ ఇళ్ళలో పెళ్ళి శుభలేఖలు గుట్టలుగా పడి ఉంటాయి. దేవుడి బొమ్మ ఉందని పారేయలేం, దాచుకోలేం. బొమ్మలేని సగం కత్తిరించి కార్డు వెనక పెడితే చక్కటి దన్ను. దేవుడున్న సగాన్ని ఏం చేయాలన్నది ఈ పుస్తకం పరిధిలో లేదు. ఆ అట్ట బరువును కూడా తూకంలో కలపడం మరవకండి. పోస్టుకార్డంత ముక్క నాలుగైదు గ్రాములు లాగేస్తుంది.

మెరుపు పొడి, రంగవల్లి పొడి చల్లిన కార్డుకు పైన బటర్ పేపరు గానీ ట్రేసింగు పేపరు గానీ ఒక పొర వేయండి. లేకపోతే అవతలివాళ్ళు కవరు విప్పగానే ఒళ్ళో మెరుపు, నేల మీద మెరుపు, వారం తర్వాత కూడా దిండు మీద మెరుపు. పిల్లలు ఆనందిస్తారు, ఇల్లు ఊడ్చేవాళ్ళు కారు.

స్టాప్లరు పిన్నులు కవరుకు కొట్టవద్దు. వేరుచేసేవాళ్ళ వేళ్ళకు గుచ్చుకుంటాయి, దారిలో పక్క కవర్లను పట్టుకుంటాయి. మూతను జిగురుతో అంటించి, అనుమానముంటే మూత అంచు మీద మాత్రమే టేపు వేయండి. బిళ్ళ మీద టేపు ఎప్పుడూ వేయకూడదు. ముద్ర టేపు మీద పడుతుంది, బిళ్ళ మీద పడదు. అలాంటి బిళ్ళను చెల్లనిదిగా చూస్తే మళ్ళీ కథ బేరింగు దాకా వస్తుంది. బొమ్మ బరువుగానూ ఎత్తుగానూ ఉంటే గుడ్డ అంటించిన కవరు వాడండి. ఆఫీసుల్లో దస్తావేజులు పంపే కవరు అది, చిరగదు. అందం మాత్రం అడగొద్దు.

ఎవరి గుమ్మం

చిరునామాల పుస్తకం ఒకటి మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఉంది. అందులో జిల్లాల పేర్లు సగం పాతబడ్డాయి. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019కి ముప్పై మూడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. అమలాపురం, కాకినాడ, రాజమండ్రి ఒకప్పుడు తూర్పు గోదావరే. ఇప్పుడు మూడు వేర్వేరు జిల్లాలు. కానీ పిన్‌కోడ్ చూడండి: అమలాపురం 533201, కాకినాడ 533001, రాజమండ్రి 533101. మూడింటికీ మొదటి మూడంకెలు 533. ప్రభుత్వాలు గీతలు మార్చినా తపాలా గీత అలాగే ఉంది. జిల్లా పేరు పాతది రాసినా పిన్ సరిగ్గా ఉంటే కార్డు చేరే అవకాశం చాలా ఎక్కువ. పిన్ తప్పు రాసి జిల్లా ఎంత కొత్తగా రాసినా అది ఊళ్ళు తిరుగుతుంది.

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. దీన్ని రూపొందించిన అధికారి శ్రీరామ్ భికాజీ వేలంకర్, సంస్కృతంలో కావ్యాలూ నాటకాలూ రాసిన పండితుడు కూడా. మొదటి అంకె దేశంలో ఏ మండలమో చెబుతుంది. మనదీ, కర్ణాటకదీ 5. మొదటి మూడంకెలు కలిపి చూస్తే కట్ట ఏ సార్టింగు జిల్లాకు పోవాలో, చివరి మూడూ ఏ పోస్టాఫీసు పంచాలో చెబుతాయి. ఒకే పేరున్న ఊళ్ళు మనకు ఎన్ని! కొత్తపేటలు, రామాపురాలు, గాంధీనగర్లు. వాటిని విడదీసేది ఈ ఆరంకెలే. అంకెల మధ్య చోటు వదిలి, ఒకటికీ ఏడుకూ తేడా తెలిసేట్టు రాయండి.

పల్లెకు పంపుతుంటే ఇంటిపేరు, మనిషి పేరు, వాళ్ళ తండ్రి పేరో భర్త పేరో, వీధి, ఊరు, మండలం, జిల్లా, పిన్. పల్లె పోస్టుమ్యాన్‌కు తలుపు నంబరు కన్నా ఇంటిపేరు ఎక్కువ పనికొస్తుంది. రెండు రాష్ట్రాల లోపల పోయేవి నేను తెలుగులోనే రాస్తాను. మద్రాసు, బెంగళూరు దాటి పోయేవాటికి ఊరు, రాష్ట్రం ఇంగ్లీషులో రాస్తాను. ఫోన్ నంబరు కూడా ఒక మూల రాయడం ఇప్పుడు తప్పనిసరి అలవాటయింది. ఇల్లు దొరక్కపోతే ఒక ఫోన్ కొడతారు. మీ సొంత చిరునామా కవరు వెనక రాయండి. చేరకపోతే కనీసం మీ ఇంటికి తిరిగి వస్తుంది. పుట్టింటికి వచ్చిన పిల్లలా దాన్ని చూసుకోవచ్చు.

రాసే పెన్ను విషయంలో ఒక పరీక్ష ఉంది. రాశాక పది నిమిషాలు ఆగి, తడి బొటనవేలితో అక్షరాల మీద రుద్దండి. జెల్ పెన్నులు చాలావరకు ఈ పరీక్షలో తప్పుతాయి, మామూలు బాల్‌పాయింటు పెన్ను నెగ్గుతుంది.

బిళ్ళా, స్పీడు పోస్టా

అబిడ్స్‌లోని హైదరాబాద్ జీపీఓలో బిళ్ళలు సేకరించేవాళ్ళ కోసం వేరే కౌంటరు ఉంది. స్మారక బిళ్ళలు అక్కడ దొరుకుతాయి. ఐదు రూపాయల బిళ్ళే, కాకపోతే దాని మీద పువ్వో పక్షో రైలో ఉంటుంది. కార్డులో బొమ్మకూ బిళ్ళలో బొమ్మకూ చుట్టరికం కలపడం నాకున్న వ్యసనం. రెండు బిళ్ళలు పక్కపక్కన అంటించాల్సివస్తే ముందే ఆ మూల చోటు వదలాలి. చిరునామా రాశాక చోటు వెతికితే ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పడుతుంది.

మా చిన్నప్పుడు డిసెంబరు వస్తే పేవ్‌మెంట్ల మీద గ్రీటింగు కార్డుల దుకాణాలు వెలిసేవి. కవరు మూత అంటించకుండా లోపలికి మడిచి, పైన "బుక్ పోస్ట్" అని రాసి తక్కువ బిళ్ళతో పంపేవాళ్ళం. అచ్చు కార్డు మీద ఉత్తరంలా రాయకూడదన్నది అప్పటి షరతు. రాసినవాళ్ళు రాశారు, అది వేరే సంగతి. మీరు చేత్తో చేసి లోపల నాలుగు మాటలు రాసే కార్డు ఉత్తరమే. దాన్ని ఉత్తరం ధరకే పంపండి.

మామూలు తపాలాకు జాడ తెలుసుకునే అంకె ఉండదు. పాత రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడు పోస్టులో కలిపేశారు. ఆ ఏడు అక్టోబరు 1 నుంచి వచ్చిన ధరల ప్రకారం 50 గ్రాముల లోపు కవరుకు అదే ఊళ్ళో అయితే 19 రూపాయలు, బయట దేశంలో ఎక్కడికైనా 47, రెండింటి మీదా జీఎస్టీ అదనం. విద్యార్థులకు పది శాతం తగ్గింపు ఉంది. నేను స్పీడు పోస్టులో పంపేవి రెండే రకాలు: ఆలస్యంగా గుర్తొచ్చినవీ, మళ్ళీ చేయలేనివీ. మిగతావన్నీ మామూలు తపాలాలోనే, సంక్రాంతికి రెండు వారాల ముందు. భోగి నాడు డబ్బాలో వేసి కనుమకు చేరలేదని బాధపడేవాళ్ళకు నేను చెప్పగలిగింది లేదు. వాళ్ళు ఉగాది అని రాసి వేస్తే బావుండేది.

విదేశానికి పంపేటప్పుడు ఒక్కటి గట్టిగా చెప్పాలి. సంక్రాంతి కార్డు అనగానే చేయి వరికంకి మీదికి పోతుంది. ఆస్ట్రేలియాకు, అమెరికాకు పంపే కార్డుకు నిజమైన కంకి, గింజలు, ఎండిన పువ్వులు, పసుపు అంటించకండి. మొక్కల తెగుళ్ళు వస్తాయని ఆ దేశాలు విత్తనాలనూ మొక్కల భాగాలనూ సరిహద్దులోనే ఆపేస్తాయి. కంకిని గీసి పంపండి. కవరు మీద దేశం పేరు చివరి వరుసలో విడిగా, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ధర దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి కౌంటరులో తూయించి అడిగితేనే మంచిది.

మీకు మీరే ఒకటి

నలభై కార్డులు వేసే ముందు, అదే కాగితం, అదే జిగురు, అదే కవరుతో ఒకటి చేసి మీ ఇంటికే పంపుకోండి. నేను ఏటా డిసెంబరు మొదటి వారంలో ఊరి అవతల డబ్బాలో వేసి వస్తాను. అది తిరిగి ఇంటికొచ్చినప్పుడు మీరు గమనించవలసినవి అవే కనబడతాయి. ఏ మూల మడత పడింది, ముద్ర ఎక్కడ పడింది, చిరునామా చెమ్మకు పాకిందా, చంకీలు ఊడాయా. నిరుటి పరీక్ష కార్డులో డూడూ బసవన్న కొమ్ములకు అంటించిన బంగారు దారం తెగి, కవరు అడుగున ఉండచుట్టుకుని దొరికింది. ఈ ఏడు కొమ్ములకు రంగే వేశాం.

"వేశాం" అన్నది మా తమ్ముడి కూతురితో కలిపి. దానికి తొమ్మిదేళ్ళు. మొన్న ఆదివారం అది చేసిన గంగిరెద్దుకు వాళ్ళమ్మ పాత చీరల పీలికలు కత్తిరించి బొంత కుట్టింది. నిజంగానే కుట్టింది, సూదీ దారంతో. హ్యాంగరు తలుపు గడియకు తగిలించి, ఒకవైపు నాలుగు కాగితాలు, ఒకవైపు దాని కార్డు పెట్టాం. కార్డు వైపు నెమ్మదిగా కిందికి దిగింది. చిట్టి ఉత్తరం తీసేసి చూశాం, అప్పుడూ దిగింది. దన్ను అట్ట తీస్తే సరిపోయేది గానీ అట్ట తీస్తే బొంత నలుగుతుంది.

"ఏం చేద్దామే, బొంత తీసేసి రంగు వేద్దామా? ఐదు రూపాయలు మిగులుతాయి" అన్నాను.

అది నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"పెదనాన్నా, గంగిరెద్దుకు బొంత తీసేస్తే ఉత్త ఎద్దే కదా?" అంది. అని, సొరుగు లాగి రెండో బిళ్ళ తనే తీసుకుంది.